కంతులన్నీ క్యాన్సర్ కావు

తెలుగులో కంతి అంటాము. ఉర్దూలో రసౌలీ అంటారు. ఏ భాషలో విన్నా ఆ మాటతో మనస్సు క్యాన్సర్ వైపే పరుగెత్తుతుంది. పొగాకు, గుట్కా వాడుక విస్తరించిన మన ప్రాంతంలో ఆ భయం నిరాధారమైనది కాదు. అయినా నోటిలో పుట్టే కంతులలో ప్రాణాపాయం లేనివీ ఉన్నాయి. వాటిలో అరుదైన ఒకదానిని విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం. దాని పేరు గ్రాన్యులర్ సెల్ ట్యూమర్. దాని కణాల నిండా సన్నని రవ్వ వంటి రేణువులుంటాయి కనుక ఆ పేరు వచ్చింది.

1924లో లెనిన్ భౌతికకాయానికి శవపరీక్ష జరిపిన రష్యన్ వైద్యశాస్త్రజ్ఞుడు అలెక్సీ అబ్రికోసోవ్, 1926లో ఈ కంతిని వర్ణించాడు. ఇది కండరాల నుండి పుట్టినదని ఆయన తలంచాడు. నరాలను తొడుగువలె చుట్టి ఉండే ష్వాన్ కణాలే దీనికి మూలమని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కణంలోని సూక్ష్మమైన సంచుల ఆమ్లతను క్రమపరచే జన్యువులలో మార్పులే ఈ రేణువులు పేరుకొనడానికి కారణమని 2018లో వెల్లడైంది.

ఈ కంతి శరీరంలో ఎక్కడైనా రావచ్చును గాని, నాలుక దీనికి ప్రధాన స్థానం. ముప్పది, అరువది ఏండ్ల మధ్య వయస్కులలో, అందునా స్త్రీలలో అధికంగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు, మెల్లగా పెరుగుతుంది, తాకితే గట్టిగా తగులుతుంది. సాధారణంగా రెండు సెంటీమీటర్లకు మించదు.

అసలు చిక్కు రోగనిర్ణయంలో ఉన్నది. ఈ కంతి తనపై ఉన్న పొరను రెచ్చగొట్టి, అది వేళ్లవలె లోనికి చొచ్చుకొని పోయేటట్లు చేస్తుంది. సూక్ష్మదర్శినిలో ఆ దృశ్యం అచ్చముగా క్యాన్సర్‌ను పోలి ఉంటుంది. బయాప్సీకై పైపైన ముక్క తీసినచో ఆ పొర మాత్రమే చిక్కి, అడుగునున్న రేణువుల కణాలు కంటబడవు. అప్పుడు క్యాన్సర్ అని పొరబడి, రోగి నాలుకలో పెద్ద భాగాన్ని నిష్కారణంగా తొలగించే ప్రమాదం ఉంది. కావున ముక్కను లోతుగా తీయాలి. ఎస్-100 అనే ప్రోటీన్‌ను గుర్తించే పరీక్ష నిర్ణయానికి బలమిస్తుంది.

చికిత్స సులభం. కంతిని చుట్టూ కొద్దిపాటి ఆరోగ్యకరమైన కండతో సహా కోసి తీసివేస్తారు. రేడియేషన్ అవసరం లేదు. తిరిగి రావడం అరుదు. క్యాన్సర్‌గా ఉండేవి నూటికి రెండింటికి మించవు. అయినను కొంతకాలం వైద్యుని పర్యవేక్షణలో ఉండడం మంచిది.

కంతి మంచిదో చెడ్డదో కంటితో చూచి చెప్పగలవారు లేరు. నోటిలో గడ్డ గాని, పుండు గాని రెండు వారాలలో తగ్గనిచో దంతవైద్యునికి చూపించాలి. భయపడి దాచిపెట్టినవాడు, ఏమీ కాదులెమ్మని ఊరకున్నవాడు, ఇద్దరూ పోగొట్టుకొనేది విలువైన కాలాన్నే. విద్యార్థులు ఈ మాటను తమ ఇంటి పెద్దలకు చెప్పగలిగితే ఈ వ్యాసం సార్థకమైనట్లే.