గ్యారేజీలో గోల్ఫ్ రాడార్

600 డాలర్ల పెట్టె. దానికి తోడు బయటివాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్. ఈ రెండూ కలిస్తే ఆట నిజంగా బాగుపడుతుందా?

సెవెన్ ఐరన్‌తో గట్టిగా కొట్టిన గోల్ఫ్ బంతి ఎనిమిది అడుగుల ముందున్న నెట్‌ను తాకడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. ఆ కాస్త వ్యవధిలోనే, వెనక నేల మీద పెట్టిన అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి ఆ బంతి వేగాన్ని పట్టేస్తుంది. ఎంత కోణంలో లేచిందో, కుడికి పోయిందో ఎడమకు పోయిందో చూస్తుంది. నెట్‌కు తగిలిన బంతి ఇంకా దొర్లుతుండగానే, మైదానంలో అయితే అది ఎంత దూరం వెళ్లి ఎక్కడ పడేదో పక్కనున్న తెర మీద గీసి చూపిస్తుంది. దీన్ని లాంచ్ మానిటర్ అంటారు.

ఇది రక్షణ రంగం నుంచి ఆటలోకి వచ్చిన విద్య. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ సంస్థ వెనకున్న ఇంజనీర్ ఫ్రెడ్రిక్ టుక్సెన్, అంతకుముందు తూటాలను, క్షిపణులను వెంబడించే రాడార్లు తయారుచేసే వైబెల్ కంపెనీలో పనిచేశాడు. ఫ్లైట్‌స్కోప్ స్థాపకుడు హెన్రీ జాన్సన్‌దీ ఇలాంటి దారే, దక్షిణాఫ్రికాలో. ట్రాక్‌మ్యాన్ ధర 20 వేల డాలర్ల పైమాటే కాబట్టి చాలా ఏళ్లు ఈ అంకెలు టూర్ ఆటగాళ్లకు, పెద్ద కోచ్‌లకు మాత్రమే దక్కాయి. 2021లో గార్మిన్ ఆర్10 అనే పెట్టెను 600 డాలర్లకు తెచ్చింది. అంటే మన లెక్కలో 50 వేల రూపాయల పైచిలుకు. రెండేళ్లకు ర్యాప్సోడో, రాడార్‌కు తోడు రెండు కెమెరాలు పెట్టి, 700 డాలర్లకు ఎంఎల్ఎం2ప్రోను దింపింది. జీతం మీద బతికే మనిషి కూడా కొనగలిగిన ధర ఇది. గోల్ఫ్‌లో ఈ మాట తరచూ అనగలిగేది కాదు.

మనవాళ్లకు ఈ సంగతి దూరపుదేమీ కాదు. పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మార్చింది. ఆ ఫ్రిస్కోలోనూ, పక్కనున్న ప్లేనో, మెకినీల్లోనూ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. హైదరాబాద్ నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2023 సెప్టెంబర్‌లో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాక, ఈ ఆట గురించి ఇంట్లో మాట్లాడుకోవడానికి మనకంటూ ఒక పేరు దొరికింది. ఉద్యోగం నుంచి వచ్చేసరికి చీకటి పడే రోజుల్లో, కారు బయటపెట్టి గ్యారేజీలో నెట్ కట్టుకుని ఓ గంట ఆడాలనుకునేవాళ్ల కోసమే ఈ కథనం.

కొలిచేది కొంత, లెక్కగట్టేది కొంత

ఈ పెట్టె చూపించే అంకెలన్నీ ఒకే జాతివి కావు. కొన్నిటిని అది స్వయంగా కొలుస్తుంది. మిగతావాటిని, కొలిచినవాటి ఆధారంగా లెక్కగడుతుంది. తెర మీద మాత్రం అన్నీ ఒకే అక్షరాల్లో, ఒకే ధీమాతో కనిపిస్తాయి. కొన్నవాళ్లలో చాలామంది దారి తప్పేది ఇక్కడే.

వేగం దగ్గర భయం లేదు. ట్రాఫిక్ పోలీసుల స్పీడ్ గన్‌లో ఉండే డాప్లర్ సూత్రమే ఇది. పెట్టె పంపిన తరంగాలు కదిలే బంతిని తాకి తిరిగొచ్చేసరికి వాటి పౌనఃపున్యం మారుతుంది, ఆ మార్పే వేగాన్ని చెబుతుంది. బంతి వేగం, అది లేచిన కోణం, బయల్దేరిన దిశ – ఈ మూడింటిలో చవక రాడార్లు మంచి పని చేస్తాయి. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చేదాన్ని స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. డ్రైవర్‌తో అది 1.5 దగ్గరికి వస్తే బంతి క్లబ్ ముఖం మధ్యలో తగిలినట్టే.

చిక్కంతా స్పిన్‌తోనే. ఓ లెక్క వేసి చూడండి. ట్రాక్‌మ్యాన్ గతంలో ప్రచురించిన పీజీఏ టూర్ సగటుల్లో, డ్రైవర్‌తో కొట్టిన బంతి గంటకు 167 మైళ్ల వేగంతో బయల్దేరి నిమిషానికి సుమారు 2,700 సార్లు తిరుగుతుంది. అంత వేగంలో ఎనిమిది అడుగులు దాటడానికి దానికి 33 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోపు అది తిరిగేది ఒకటిన్నర చుట్లు! సెవెన్ ఐరన్‌తో నిమిషానికి 7,100 చుట్లు అనుకున్నా, నెట్‌ను తాకేలోపు అయిదు చుట్లు చిల్లర. మచ్చలేని తెల్లటి బంతి ఒకటిన్నర చుట్లు తిరిగితే దాని స్పిన్‌ను వెనక నుంచి రాడార్ తేల్చుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకని అది వేగాన్నీ కోణాన్నీ క్లబ్‌నూ చూసి, స్పిన్ ఇంత ఉండాలని లెక్కగడుతుంది. ఆరుబయట బంతి పూర్తిగా ఎగిరే చోట పరిస్థితి కొంత మెరుగు.

దీనికి మందు ఉంది. టైట్‌లిస్ట్ 2021లో ఆర్‌సీటీ బంతులు తెచ్చింది. వాటి లోపల రాడార్‌కు కనిపించే లోహపు గుర్తు ఉంటుంది. ర్యాప్సోడో కెమెరా కోసం కాల్వే ఆర్‌పీటీ బంతుల మీద ప్రత్యేకమైన గుర్తులు అచ్చువేస్తుంది. మామూలు బంతి కంటే ఖరీదే. కానీ గ్యారేజీలో నెట్‌లోకి కొట్టే బంతి పోయేది కాదు, డజను కొంటే చాలాకాలం వస్తుంది. పెట్టెకు 600 పెట్టిన మనిషి బంతుల దగ్గర వెనకాడడం దండగ.

దిశ సంగతి కూడా చెప్పుకోవాలి. బంతి స్వింగ్ దారిలో బయల్దేరి, తర్వాత క్లబ్ ముఖం చూసే వైపు వంగుతుందని కోచ్‌లు దశాబ్దాలపాటు నేర్పారు. రాడార్ వచ్చాక ఆ పాఠం తిరగబడింది. బంతి బయల్దేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది క్లబ్ ముఖమే. డ్రైవర్‌తో అయితే సుమారు 85 శాతం, ఐరన్‌లతో 75 శాతం. ముఖానికీ స్వింగ్ దారికీ ఉన్న తేడా బంతిని వంచుతుంది. ఒక తరం ఆటగాళ్లు తమ వంపుకు తప్పు మందు వేసుకున్నారన్నమాట. చవక పెట్టె ఇచ్చే దిశ అంకె ఒక్కటి అర్థమైనా దాని డబ్బు దానికి వచ్చినట్టే. అయితే పెట్టెను నిలబెట్టడంలో జాగ్రత్త తప్పదు. దాని ముఖం 2 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే, 170 గజాల షాట్ లక్ష్యానికి 6 గజాలు పక్కన పడినట్టు చూపిస్తుంది. మీరేమో లేని తప్పును దిద్దుకుంటూ కూర్చుంటారు. నేల మీద గీత గీసుకుని, పెట్టెనూ బంతినీ లక్ష్యాన్నీ ఆ గీత మీదే ఉంచండి.

రాడార్‌కు తెలియని ముఖ్యమైన విషయం మరొకటుంది. బంతి క్లబ్ ముఖం మీద ఏ చోట తగిలిందో అది చూడలేదు. అంచుకు తగిలిన బంతి దానంతటదే పక్కకు తిరుగుతుంది. ముఖం మీద పౌడర్ స్ప్రే కొట్టి చూస్తే ముద్ర కనబడుతుంది. డ్రైవర్ సాధనలో ఈ పౌడర్ ముద్ర, తెర మీద అంకె రెండూ పక్కపక్కన ఉంటేనే నిజం తెలుస్తుంది.

బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ ఎందుకు?

తయారీదారు ఇచ్చే యాప్ బాగానే ఉంటుంది, ఫోన్ తెర మీద. కొన్ని సదుపాయాలకు నెలనెలా చందా. అసలు ఇబ్బంది అది కాదు. మీ షాట్‌ల అంకెలు ఆ యాప్‌లోనే ఉండిపోతాయి. ఏ అంకె ఎప్పుడు కనబడాలో, ఎలా సాధన చేయాలో కూడా ఆ కంపెనీయే నిర్ణయిస్తుంది.

ఇక్కడే జీఎస్‌ప్రో లాంటివి ముందుకొచ్చాయి. ఏడాదికి 250 డాలర్లు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న విండోస్ కంప్యూటర్ కావాలి. లేజర్ సర్వే కొలతల ఆధారంగా ఔత్సాహికులు కట్టిన గోల్ఫ్ కోర్సులు ఇందులో ఉన్నాయి. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది దాని తలుపు తెరిచి ఉండడం. బంతి వేగం, లేచిన కోణం, దిశ, స్పిన్, స్పిన్ అక్షం – ఈ నాలుగైదు అంకెలను ఏ రూపంలో పంపాలో జీఎస్‌ప్రో బహిరంగంగా ప్రకటించింది. ఆ రూపంలో పంపగలిగితే ఏ పెట్టె అయినా దానితో మాట్లాడగలదు.

ఆర్10 విషయంలో ఆ వంతెన కట్టింది కంపెనీ కాదు, ఆటగాళ్లే. గార్మిన్ యాప్‌కు ఈ6 కనెక్ట్ అనే మరో సిమ్యులేటర్‌కు అంకెలు పంపే ఏర్పాటు ఉంది. కొందరు ప్రోగ్రామర్లు ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. అది ఇంట్లోని కంప్యూటర్‌లో నడుస్తూ, యాప్‌కు ఈ6 కనెక్ట్‌లా కనిపించి, వచ్చిన అంకెలను జీఎస్‌ప్రోకు అందిస్తుంది. ఫోన్ లేకుండా బ్లూటూత్‌తో నేరుగా పెట్టెను కలిపే పద్ధతి కూడా రాసి ఉచితంగా ఇచ్చారు. రాడార్‌కు నెమ్మదిగా దొర్లే పట్ సరిగా అందదు కాబట్టి, పైన వెబ్‌క్యామ్ పెట్టి పట్‌ను కొలిచే ప్రోగ్రాం ఇంకొకరు రాశారు. తమ సాయంత్రాలు వెచ్చించి వీళ్లు చేసిన పని వల్లే ఈ చవక పెట్టె విలువ రెట్టింపయింది. నా దృష్టిలో వాళ్లు ఆటకు చేసిన మేలు చిన్నది కాదు. కాకపోతే ఇలాంటి వంతెనకు కంపెనీ పూచీ ఉండదు. యాప్ కొత్త వెర్షన్ వచ్చిన రోజున అది తెగిపోవచ్చు. ఆ తలనొప్పి వద్దనుకునేవాళ్లకు, జీఎస్‌ప్రోతో అధికారికంగా కలిసే ఎంఎల్ఎం2ప్రో నయం. కంప్యూటర్ జోలికే పోకుండా టాబ్లెట్ మీద, పిల్లలతో కలిసి ఆడుకోవాలంటే ఆసమ్ గోల్ఫ్ సరిపోతుంది.

కొత్తవాళ్లను ఒక విషయం కలవరపెడుతుంది. అదే షాట్‌కు గార్మిన్ యాప్ ఒక దూరం, జీఎస్‌ప్రో మరో దూరం చూపిస్తాయి. రెండిటికీ అందిన అంకెలు ఒకటే అయినా, బంతి గాలిలో ఎలా ఎగురుతుందో ఎవరి లెక్క వాళ్లది. గాలి సాంద్రత కూడా ఆ లెక్కలో భాగమే. విశాఖలోని ఈస్ట్ పాయింట్ కోర్సు సముద్రమట్టానికి దగ్గర. గోల్కొండ కోట నయా ఖిలాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ అంతకంటే 500 మీటర్లకు పైగా ఎత్తు. గాలి పలచన కావడం వల్ల అదే షాట్ హైదరాబాద్‌లో ఇంచుమించు 2 శాతం ఎక్కువ దూరం పోతుంది. 170 గజాలకు మూడు గజాల పైనే. సాఫ్ట్‌వేర్‌లో మీరు ఆడే ఊరి ఎత్తును, ఉష్ణోగ్రతను నమోదు చేయండి. ఒక ప్రోగ్రాంను ఎంచుకుని దానికే కట్టుబడండి. పోయిన నెల మీతో ఈ నెల మిమ్మల్ని పోల్చుకోవడానికి అదే దారి.

అంకెను దాచుకుని సాధన

ఒకే క్లబ్ పట్టుకుని వరసగా యాభై బంతులు కొట్టి, ప్రతి షాట్ తర్వాతా తెర వైపు చూస్తే చేతికి పని దొరుకుతుంది, మనసుకు తృప్తి కలుగుతుంది. నేర్చుకునేది మాత్రం తక్కువ. ఈ మాట ఊహతో అంటున్నది కాదు. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే పనిని వరసగా చేసినవాళ్లు సాధన సమయంలో ముందున్నారు. పనులను కలగాపులగంగా చేసినవాళ్లు, కొన్నాళ్ల తర్వాత పరీక్షిస్తే, నేర్చుకున్నది ఎక్కువగా నిలబెట్టుకున్నారు. 1990లో కరొలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ మరో సంగతి చూపించారు. ప్రతి ప్రయత్నం తర్వాతా ఫలితం చెప్పించుకున్నవాళ్ల కంటే, సగం సార్లే చెప్పించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షలో మెరుగ్గా చేశారు.

బయటి సాఫ్ట్‌వేర్‌కు ఉన్న అసలు బలం నా ఉద్దేశంలో ఇదే: ఏ అంకె చూడాలో, ఎప్పుడు చూడాలో మీ చేతిలో ఉంటుంది. తెర మీద అంకెలన్నీ తీసేసి ఒక్క దిశనే ఉంచండి. లేదా తెరను అటు తిప్పేసి, షాట్ కొట్టాక, ‘ఇది 140 గజాలు, కాస్త కుడికి’ అని ముందు పైకి చెప్పండి. ఆ తర్వాతే చూడండి. మొదట్లో మీ మాటకూ అంకెకూ పొంతన ఉండదు. వారాలు గడిచేకొద్దీ ఆ ఎడం తగ్గుతుంది. మైదానంలో పెట్టె వెంట ఉండదు, వెంట వచ్చేది ఈ అంచనాయే.

ప్రతి షాట్‌కూ క్లబ్ మార్చండి. జీఎస్‌ప్రోలో తొమ్మిది హోల్‌లు ఆడితే అది దానంతటదే జరుగుతుంది: డ్రైవర్, తర్వాత ఐరన్, తర్వాత వెడ్జ్. రాత్రిపూట ప్రపంచ ప్రసిద్ధ కోర్సుల్లో విహరించడం సరదాగా ఉంటుంది, తప్పులేదు. దాన్ని సాధన గంటల్లో మాత్రం కలపకండి. వెడ్జ్‌లకు ఎక్కువ సమయం ఇవ్వండి. 50, 70, 90 గజాలకు బంతి వేగం ఎంత ఉండాలో తెలుసుకుని, ఆ వేగాన్ని మళ్లీమళ్లీ రాబట్టడం గ్యారేజీలో జరగగల అత్యంత లాభసాటి పని. కొలిచే అంకె మీదే ఆధారపడే సాధన అది, స్పిన్ లెక్క తేడా వచ్చినా చెడదు. ఇక మీ దూరాల పట్టిక రాసుకునేటప్పుడు అన్నిటికన్నా దూరం పోయిన షాట్‌ను కొట్టేయండి. ఇరవై షాట్‌లను దూరం వరసలో పేర్చి మధ్యలో పడిందే మీ దూరం.

ఒళ్లు మర్చిపోవద్దు. కాంక్రీటు మీద పలచని మ్యాట్ వేసి ఐరన్‌లు కొడితే మోచేయి, మణికట్టు దెబ్బతింటాయి. పెట్టె మీద మిగిల్చిన డబ్బు మంచి మ్యాట్ మీద పెట్టండి. డ్రైవర్ తిప్పాలంటే పైకప్పు తొమ్మిది అడుగులైనా ఉండాలి, పొడగరికి అదీ చాలదు. నెట్ వెనక గోడ ఉంటే మధ్యలో ఖాళీ వదలండి. మీరు కొడుతున్నంతసేపూ పిల్లలు గ్యారేజీలోకి రాకుండా తలుపు గడియ వేయండి.

తయారీదారులకు ఓ విన్నపం. బంతి కొట్టింది ఆటగాడు, పెట్టె కొన్నదీ ఆటగాడే. ఆ అంకెలను తనకు నచ్చిన ప్రోగ్రాంకు పంపుకునే అధికారిక మార్గాన్ని ప్రతి పెట్టెతోనూ ఇవ్వండి. ఏది కొలిచిందో, ఏది లెక్కగట్టిందో తెర మీద వేర్వేరు రంగుల్లో చూపండి.

కొనబోయేవాళ్లు ధర చూసే ముందు ఆ పెట్టె స్వయంగా ఏమేం కొలుస్తుందో జాబితా చూడండి. బంతి వెనక ఏడెనిమిది అడుగులు, ముందు ఎనిమిది అడుగులు మీ గ్యారేజీలో ఉన్నాయో లేదో టేపు పెట్టి చూసుకోండి. సాధనకు ఈ పెట్టె చాలు. కొత్త డ్రైవర్ ఎంచుకోవడానికి మాత్రం ఇది చూపే స్పిన్‌ను నమ్మి డబ్బు పెట్టకండి. దానికి పెద్ద యంత్రం ఉన్న క్లబ్ ఫిట్టర్ దగ్గర ఓ గంట గడపండి.