పరిశ్రమల్లో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల పరిశుభ్రత: లోపలి అతుకు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాలు, పానీయాలు, ఔషధాలు ప్రవహించే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల పరిశుభ్రత కేవలం ఆ లోహం వల్ల సిద్ధించేది కాదు. గొట్టాలను అతికే సమయంలో లోపలి వైపు ఏం జరిగిందన్నదే దానిని ప్రధానంగా నిర్ణయిస్తుంది. పని పూర్తయ్యాక ఆ లోపలి వైపు సాధారణంగా ఎవరి కంటికీ కనబడదు. పాల కర్మాగారాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ అతుకుల తయారీని, గొట్టాల అమరికను, తనిఖీని వివరించడం, పనికి కూలి లెక్కకట్టే పద్ధతి వీటిపై చూపే ప్రభావాన్ని చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: స్టెయిన్‌లెస్ స్టీలు, ఆర్గాన్ వెల్డింగ్, పర్జింగ్, పాల పరిశ్రమ, క్రోమియం పొర, డెడ్ లెగ్.

1. ఉపోద్ఘాతం:
పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లార్చడం పాశ్చరీకరణలో విస్తృతంగా అమల్లో ఉన్న పద్ధతి. ఆ వేడికి వ్యాధికారక క్రిములు నశిస్తాయి. అయితే పాలు అక్కడినుంచి ప్యాకెట్లలోకి చేరేవరకు మరికొంత దూరం గొట్టాల గుండానే ప్రయాణించాలి. వేడిచేయడానికి ముందున్న గొట్టంలో లోపముంటే ఆ తరువాతి వేడి కొంతవరకు కాపాడుతుంది. వేడిచేసిన తరువాతి గొట్టంలో ఒక్క అతుకు దగ్గర నిన్నటి పాలు గోరంత మిగిలిపోయినా, ఆపైన కాపాడే దశ మరొకటి లేదు.

ఈ గొట్టాలను రోజూ విప్పి తోమరు. అమర్చినచోటనే ఉంచి, వాటి గుండా కడిగే ద్రావణాలను పంపుతారు. సాధారణంగా 1 నుంచి 2 శాతం కాస్టిక్ సోడా ద్రావణాన్ని 75–80 డిగ్రీల వేడిలో, తరువాత పలుచని నత్రికామ్లాన్ని, మధ్య మధ్య నీటిని నడుపుతారు. ద్రావణం సెకనుకు కనీసం 1.5 మీటర్ల వేగంతో ప్రవహిస్తేనే గోడలకు అంటుకున్నది ఊడివస్తుందని ఈ రంగంలో లెక్క. ఆ ప్రవాహం తాకలేని పగులు, గుంట, మూల ఏదైనా ఉంటే అక్కడ చేతితో తోమే అవకాశం కూడా లేదు. కాబట్టి గొట్టం శుభ్రపడుతుందా లేదా అన్నది చాలావరకు దానిని నిర్మించిన రోజే తేలిపోతుంది.

2. లోహం, దాని పైపొర:
ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రియర్లీ 1913లో క్రోమియం కలిసిన ఉక్కును తయారుచేసి, అది సులభంగా తుప్పు పట్టదని గుర్తించాడు. ఉక్కులో క్రోమియం 10.5 శాతానికి మించినప్పుడు అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొద్ది నానోమీటర్ల మందం గల పొరగా ఏర్పడుతుంది. తుప్పును అడ్డుకునేది ఈ పొరే. గీత పడితే తనంతట తాను మళ్లీ ఏర్పడుతుంది. అయితే కింద తగినంత క్రోమియం ఉన్నప్పుడే అది సాధ్యం.

పాల గొట్టాలకు ఎక్కువగా 304, 316ఎల్ రకాలను వాడతారు. మొదటిదానిలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. రెండవదానిలో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ల వల్ల పడే సూదిగుంటలను ఇది బాగా నిరోధిస్తుంది. ఆవకాయను స్టీలు డబ్బాలో కాక జాడీలో నిలవచేసే మన ఇళ్లలో ఈ విషయం వేరే మాటల్లో ఎప్పటినుంచో తెలిసినదే: ఉప్పు, పులుపు కలిసి చాలాకాలం నిలిస్తే స్టీలు కూడా ఓడిపోతుంది. 'ఎల్' అక్షరం కర్బనం 0.03 శాతానికి మించదని సూచిస్తుంది. కర్బనం ఎక్కువైతే, సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్య అది క్రోమియంతో కలిసి లోహపు రేణువుల అంచులలో చేరుతుంది. ఆ అంచుల పక్కన లోహం క్రోమియం కోల్పోతుంది. అతుకుకు ఇరువైపులా ఉన్న భాగం సరిగ్గా ఈ వేడి గుండానే పోతుంది.

3. అతుకు లోపలి వైపు:
తెలుగు ప్రాంతాల వర్క్‌షాపుల్లో ఈ పనిని 'ఆర్గాన్ వెల్డింగ్' అంటారు. నిజానికి లోహాన్ని కరిగించేది ఆర్గాన్ కాదు, టంగ్‌స్టన్ కడ్డీకి గొట్టానికి మధ్య వెలిగే విద్యుత్ ఆర్క్. కరిగిన లోహానికి గాలి తగలకుండా కప్పి ఉంచడమే ఆర్గాన్ పని. వాడుకలో స్థిరపడిన ఆ పేరును తప్పుపట్టనవసరం లేదు. కానీ ఆ పేరు వినగానే టార్చి నుంచి వచ్చే ఆర్గాన్ మాత్రమే స్ఫురిస్తుంది, అది కాపాడేది అతుకు పైభాగాన్ని మాత్రమే. 1.65 మిల్లీమీటర్ల మందం గల గొట్టంలో లోహం లోపలి అంచు వరకు కరుగుతుంది, కరగాలి కూడా. కాబట్టి గొట్టం లోపలి గాలిని వెళ్లగొట్టి అక్కడ కూడా ఆర్గాన్ నింపాలి. దీనినే పర్జింగ్ అంటారు.

పర్జింగ్ లేకుండా అతికిన గొట్టాన్ని నిలువునా కోసి చూస్తే, లోపలి అంచు నల్లగా, మాడిన పంచదార గడ్డకట్టినట్లు గరుకుగా కనబడుతుంది. బయట మాత్రం వెండిలాంటి అందమైన వరుస ఉంటుంది. పైన పటారం లోన లొటారం అన్న సామెతకు ఇంతకన్నా సరైన ఉదాహరణ దొరకదు. బాక్టీరియా పరిమాణం సుమారు ఒక మైక్రోమీటరు. ఆహార పరిశ్రమలో గొట్టం లోపలి నునుపును 0.8 మైక్రోమీటర్ల సగటు గరుకుదనానికి లోబడి ఉంచాలన్నది సాధారణ నియమం. మెరుగుపెట్టిన గొట్టం కొనడానికి ఎంతో ఖర్చుచేసి, ప్రతి అతుకు దగ్గర ఇటువంటి గరుకు వలయాన్ని సృష్టించుకుంటే ఆ ఖర్చంతా వృథా.

కొద్దిపాటి ఆక్సిజన్ మిగిలినప్పుడు నలుపు రాదు గానీ, అతుకు పక్కన గడ్డిరంగు, ఆపైన నీలం ఏర్పడతాయి. ఈ రంగులను కేవలం అందానికి సంబంధించిన లోపంగా భావించడం పొరపాటు. వేడిలో క్రోమియం పైకి చేరి మందపాటి ఆక్సైడుగా మారుతుంది, దాని కిందనున్న లోహం క్రోమియం విషయంలో పేదదవుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వారి డి18.2 మార్గదర్శిని ఆక్సిజన్ పెరిగేకొద్దీ రంగు ఎలా మారుతుందో 10 నమూనాలలో చూపుతుంది. మంచి పనిలో లోపలి ఆక్సిజన్ పదిలక్షల పాళ్లలో 50 పాళ్లకు దిగువన ఉండేలా చూస్తారు. చివర నత్రికామ్లంతోగాని సిట్రిక్ ఆమ్లంతోగాని చేసే పాసివేషన్ ఈ రంగును కూడా పోగొడుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది ఉపరితలంపై చేరిన ఇనుప రజనును తొలగిస్తుంది, రంగును కాదు. రంగు పోవాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసిన తీవ్రమైన ద్రావణం కావాలి, లేదా గీకి మెరుగుపెట్టాలి. మొదటిది నునుపును చెడగొట్టవచ్చు. రెండవదానికి పొడవాటి గొట్టంలోకి చేయి పోదు.

ఆర్గాన్ గాలికన్నా సుమారు 1.4 రెట్లు బరువు. అందువల్ల దానిని కిందనుంచి పంపి, గాలిని పైనుంచి వెళ్లనివ్వాలి. అతికిన తరువాత లోహం చల్లారేవరకు ప్రవాహాన్ని ఆపరాదు. దీనికి పట్టే కాలాన్ని ఒకసారి లెక్కవేద్దాం. బయటి వ్యాసం 50.8 మిల్లీమీటర్లు, పొడవు 6 మీటర్లు గల గొట్టంలో సుమారు 10.6 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల ఆర్గాన్ పంపుతూ, గొట్టం నిండే పరిమాణానికి 5 నుంచి 10 రెట్లు పోనివ్వాలంటే 5 నుంచి 10 నిమిషాలకు పైగా వేచి ఉండాలి. అతుకు చుట్టుకొలత మాత్రం 160 మిల్లీమీటర్లే. నిమిషానికి 100 మిల్లీమీటర్ల చొప్పున సాగినా నిమిషంన్నరలో అతకడం పూర్తవుతుంది. అతుకుకు రెండువైపులా అడ్డుబిళ్లలు పెట్టి నింపవలసిన భాగాన్ని తగ్గిస్తే వేచి ఉండే సమయం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇదే ఆర్గాన్‌తో మరో ప్రమాదముంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గోతిలోనో ట్యాంకు అడుగునో చేరితే అక్కడికి దిగిన మనిషి ఊపిరాడటం లేదని గుర్తించేలోపే స్పృహ కోల్పోతాడు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే ప్రవేశించరాదన్న నియమం అందుకే ఉంది.

యంత్రమే గొట్టం చుట్టూ తిరుగుతూ అతికే ఆర్బిటల్ పద్ధతిలో చేతి వణుకు వల్ల వచ్చే తేడాలు ఉండవు. అయితే యంత్రం కూడా లోహాన్ని అర్థం చేసుకోదు. ఉక్కులో గంధకం ఎక్కువగా ఉంటే కరిగిన లోహం లోతుకు దిగుతుంది, మరీ తక్కువైతే వెడల్పుగా పరచుకుంటుంది. గంధకం శాతాల్లో బాగా తేడా ఉన్న రెండు గొట్టాలను కలిపినప్పుడు కరిగిన మడుగు తక్కువ గంధకం ఉన్న వైపుకు జరిగిపోతుంది. బయట అతుకు సరిగానే ఉన్నా, లోపల రెండు అంచులు కలవని సన్నని చీలిక మిగులుతుంది. జీవసాంకేతిక, ఔషధ పరికరాల ప్రమాణమైన ఏఎస్ఎంఈ బీపీఈ, 316ఎల్ గొట్టాల్లో గంధకాన్ని 0.005 నుంచి 0.017 శాతం మధ్యకు పరిమితం చేసింది ఇందుకే.

4. వాలు, కొమ్మ, మద్దతు:
నిలిచిన ద్రవమే ఈ అమరికకు శత్రువు. మీటరుకు 10 మిల్లీమీటర్ల వాలు ఇస్తే ద్రవం దానంతటది జారిపోతుంది. ఆధారాల మధ్య దూరం ఎక్కువైతే గొట్టం కుంగి, కాగితం మీద ఉన్న వాలు నేలమీద మాయమవుతుంది. అడ్డంగా పోయే గొట్టం వ్యాసం తగ్గించవలసినచోట అడుగు సమతలంగా ఉండే రెడ్యూసరునే వాడాలి, లేకుంటే మెట్టులాంటి అంచు వెనుక పాలు నిలుస్తాయి. ప్రధాన గొట్టం నుంచి చీలి, ప్రవాహం లేక మూసుకుపోయి ఉండే కొమ్మను డెడ్ లెగ్ అంటారు. దాని పొడవు ఆ కొమ్మ లోపలి వ్యాసానికి రెండింతలు దాటకుండా చూడాలన్నది బీపీఈ లక్ష్యం. కర్మాగారాల్లో ఇటువంటి కొమ్మలు తొలి నిర్మాణంలో కన్నా, తరువాతి మార్పుల్లో తీసేసిన వాల్వుల స్థానంలో మిగిలిపోయే అవకాశమే ఎక్కువ.

పీడన పరీక్షకు వాడే నీటి గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. ఉప్పదనం ఉన్న బోరునీటితో పరీక్షించి, ఆ నీటిని వారాల తరబడి లోపలే వదిలేస్తే, ఒక్క చుక్క పాలు పారకముందే అతుకుల దగ్గర గుంటలు మొదలుకావచ్చు. క్లోరైడ్లు తక్కువగా ఉన్న నీటిని వాడి, వెంటనే వంచి, ఆరబెట్టడం చవకైన జాగ్రత్త.

5. తనిఖీ, పని కొలత:
సన్నని కెమెరాను గొట్టంలోకి పంపి అతుకులను చూడవచ్చు. అందుబాటులో ఉన్న అతుకుల్లో కనీసం 20 శాతాన్ని లోపలినుంచి పరీక్షించడం బీపీఈ ప్రకారం ఆనవాయితీ. కెమెరా చేరలేని అతుకుల విషయంలో ఆధారపడదగినవి రెండే. పని మొదలుపెట్టేముందు ఒక నమూనా అతుకు వేసి, కోసి, లోపలి రంగు చూడటం ఒకటి. ఏ అతుకును ఎవరు, ఎప్పుడు, ఏ విడత గొట్టాలతో వేశారో నమోదు చేసే పట్టిక మరొకటి. దీనికోసమే గొట్టంపై అచ్చువేసిన హీట్ నంబరును కోసేముందు రాసుకోవాలి. కోసిన ముక్కపై అది మిగలకపోవచ్చు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గొట్టాల పనిలో కూలిని చాలాచోట్ల 'ఇంచ్ డయా' లెక్కన కడతారు. అంటే అతుకుల సంఖ్యను గొట్టం వ్యాసంతో గుణించి చెల్లిస్తారు. పైన వేసిన లెక్క ప్రకారం అతకడానికి నిమిషంన్నర, వేచి ఉండటానికి అంతకు కొన్ని రెట్లు పడుతుంది. ఆ రెండవ కాలానికి ఈ కొలతలో విలువ లేదు. నిబంధన పాటించిన వెల్డరు రోజు చివర తక్కువ సంపాదిస్తాడు. పాటించనివాని అతుకు బయటికి అలాగే మెరుస్తుంది. ఈ పరిస్థితిలో పనివాని నిర్లక్ష్యాన్ని మాత్రమే నిందించడం న్యాయం కాదు. ఒప్పందంలో పర్జింగుకు పట్టే సమయాన్ని, ఆర్గాన్ ఖర్చును వేరే పద్దుగా చూపడం, ఆక్సిజన్ మీటరు చూపిన అంకెను ప్రతి అతుకుకు ఎదురుగా పట్టికలో రాయించి దాని ఆధారంగానే బిల్లు చెల్లించడం ఆచరణకు వీలైన మార్గం. ఆక్సిజన్ మీటరును మాత్రం కాంట్రాక్టరు కాక కర్మాగారమే కొని ఇవ్వాలి.