పాఠశాల బాస్కెట్‌బాల్ పోటీలలో రిఫరీ, శిక్షకుడు

పాఠశాల స్థాయి బాస్కెట్‌బాల్ పోటీలలో నియమాన్ని పొరపాటుగా అర్థం చేసుకున్న శిక్షకుడికి సమాధానం చెప్పడం రిఫరీ బాధ్యతలలో ఒకటి. వరంగల్, హనుమకొండ పాఠశాలల విద్యార్థులు 14, 17, 19 ఏళ్ళ లోపు విభాగాలలో ఆడతారు. భారతదేశం 1936 నుండి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) సభ్యదేశం కనుక ఫిబా నియమాలే ఇక్కడ ప్రామాణికం.

అపార్థాలకు మూలం

కబడ్డీ, ఖో-ఖో, వాలీబాల్ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడే తరచుగా బాస్కెట్‌బాల్ జట్టుకూ శిక్షకుడు. ఆయన టీవీలో చూసేది ఎక్కువగా అమెరికాలోని ఎన్.బి.ఎ. ఆట. అందులో ఆటగాడు ఆరు ఫౌళ్ళకు వైదొలగుతాడు, ఫిబా ఆటలో ఐదింటికే. అక్కడ 2001 నుండి రక్షకులకు కూడా మూడు సెకన్ల నియమం ఉంది. ఫిబాలో అది దాడి చేసే జట్టుకే వర్తిస్తుంది. పైగా షాట్ చేతిని వదలగానే ఆ లెక్క ఆగిపోతుంది. బంతి గాలిలో ఉండగా "మూడు సెకన్లు!" అని వినిపించే అరుపులు అందుకే వృథా. రక్షకుడు కదలకుండా నిలబడితేనే దాడి ఆటగాడిది తప్పు అనేది మరో అపోహ. రెండు పాదాలు నేలపై ఉంచి ఎదురుగా స్థానం తీసుకున్న రక్షకుడు ఆ తరువాత పక్కకు గాని, వెనుకకు గాని జరగవచ్చు.

సమాధానం చెప్పే పద్ధతి

బంతి ఆటలో ఉండగా రిఫరీ వాదనకు దిగడు. గడియారం ఆగినప్పుడు శిక్షకుని దగ్గరకు వెళ్ళి, తాను చూసినదేమిటో ఒక్క వాక్యంలో చెబుతాడు. "ఫౌల్ కాదు" అనడం కంటే "రక్షకుడు ముందే స్థానం తీసుకున్నాడు" అనడం మేలు. అయితే శిక్షకుడి మాట ఒక్కోసారి నిజం కావచ్చు. అర్హత లేని ఫ్రీ త్రో ఇవ్వడం, వేరొకరితో ఫ్రీ త్రో వేయించడం, పాయింట్లు పొరపాటున ఇవ్వడం వంటివి సరిదిద్దదగిన తప్పులు. గడియారం తిరిగి మొదలైన తరువాత వచ్చే మొదటి విరామం ముగిసి బంతి మళ్ళీ ఆటలోకి వచ్చిందంటే ఆ అవకాశం పోతుంది. కనుక వినకుండా తోసిపుచ్చడం రిఫరీకే నష్టం.

సాంకేతిక ఫౌల్

నియమం తెలియకపోవడం నేరం కాదు, అవమానకరంగా ప్రవర్తించడం నేరం. శిక్షకుని సొంత ప్రవర్తనకు స్కోరు పట్టికలో 'సి' అని నమోదు చేసి ప్రత్యర్థికి ఒక ఫ్రీ త్రో ఇస్తారు. రెండు 'సి'లు పడితే ఆయన బయటకు పోవాలి. సహాయక శిక్షకుడు లేని జట్టులో అప్పుడు కెప్టెనే శిక్షకుని బాధ్యత తీసుకోవలసి వస్తుంది, వయసు పద్నాలుగు లోపైనా సరే.