చిరిగిన చీటీ, రాడ్51

అంగళ్లులో టమోటా సీజన్ జోరుగా ఉన్న రోజుల్లో, డిగ్రీ చదివే ఒక కుర్రాడు బయాలజీ క్లాసులో లేచి అడిగాడు: "మన రక్తంలో ఉన్నప్పుడు మలేరియా పురుగుకు క్రోమోజోములు ఒక్క సెట్టే కదా సార్. అది తెగిపోతే దేన్ని చూసి అతుక్కుంటాది?"

వాళ్ల నాన్న మండీకి టమోటా తోలుతాడు. చేతిలోని చీటీ చిరిగితే మండీలో రెండో ప్రతి ఉంటుంది, దాన్ని చూసి మళ్లీ రాయించుకోవచ్చు. రెండో ప్రతే లేకపోతే లెక్క పోయినట్టే. కుర్రాడి అనుమానం అక్కడి నుంచి పుట్టింది. ఎంత గట్టి ప్రశ్నో, అడిగిన అతనికే తెలిసి ఉండదు.

డీఎన్‌ఏకు రెండు పోగులూ ఒకేచోట తెగడం, బాగుపడకపోతే, కణానికి ప్రాణాంతకం. మనిషి కణానికి అప్పుడు ముఖ్యంగా రెండు దారులున్నాయి. తెగిన కొసలను దొరికినవి దొరికినట్టు పట్టి ముడేయడం ఒకటి. దానికి కూ (Ku) అనే జంట ప్రొటీన్లు కావాలి. అదే రాత ఉన్న మరో ప్రతిని వెతికి, చూసి రాసుకోవడం రెండోది. మలేరియా కలిగించే ప్లాస్మోడియంలో ఆ కూ ప్రొటీన్లే లేవు. మొదటి దారి మూసుకుపోయింది. కొన్ని డీఎన్‌ఏ అక్షరాలు పోగొట్టుకుంటూ అతికించే సన్నటి సందు ఒకటి ఉన్నా, అది అరుదుగా పనికొస్తుంది. మిగిలింది చూసి రాసుకునే దారే. ఆ పనికి మేస్త్రి రాడ్51 అనే ప్రొటీను.

దాని పనితనం చూడాలి. ముందు కొన్ని ఎంజైములు తెగిన కొసల దగ్గర ఒక పోగును కొంతమేర కొరికి, రెండోదాన్ని బోడిగా వదులుతాయి. ఆ బోడి పోగు చిక్కుపడకుండా ఆర్‌పీఏ అనే ప్రొటీను దాన్ని కప్పుతుంది. తర్వాత రాడ్51 అణువులు వచ్చి ఆర్‌పీఏను తప్పించి, ఒకదాని పక్కన ఒకటి చేరి పోగు పొడవునా పేనుకుంటాయి. చుట్టుకు సుమారు 6 అణువులు, ఒక్కో అణువు కింద 3 అక్షరాలు. ఇలా పేనిన పోగు మామూలు పొడవుకు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. సాగదీసినా మూడేసి అక్షరాలు మాత్రం మామూలు దగ్గరతనంలోనే గుంపులుగా నిలుస్తాయి. ఆ పేనిన తాడు ఇప్పుడు వెతుకులాటకు బయలుదేరుతుంది. ఎదురైన డీఎన్‌ఏను కాస్త విప్పి తన అక్షరాలతో ఆనించి చూస్తుంది. కుదరకపోతే వదిలేస్తుంది, కుదిరితే మూడు మూడుగా ముందుకు జరుగుతుంది. పూర్తిగా కుదిరిన చోట జంటలో ఒక పోగును పక్కకు నెట్టి తాను దూరుతుంది. ఆ ప్రతిని చూసి కాపీ ఎంజైము పోయిన అక్షరాలు నింపుతుంది. ప్లాస్మోడియం ఫాల్సిపారంలో 14 క్రోమోజోములు, దాదాపు 2.3 కోట్ల అక్షరాలు. అందులో ప్రతి ఐదింటిలో నాలుగు ఎ లేదా టి అనే అక్షరాలే. ఒకేలా కనిపించే అంత రాతలో సరైన చోటు పట్టడం మామూలు పని కాదు.

ఇక కుర్రాడి ప్రశ్న. ఎర్ర రక్తకణంలో ఈ పురుగు ఒక తరం బతికేది 48 గంటలు. మొదటి సగంలో నిజంగానే దానికి ఒక్క ప్రతే. రెండో సగంలో అది డీఎన్‌ఏను మళ్లీ మళ్లీ కాపీ చేస్తుంది. కణం చీలకుండానే కేంద్రకాలు ఒక్కొక్కటీ తన వేగంతో విభజన చెందుతూ పెరుగుతాయి. చివరికి సుమారు 16 నుంచి 32 పిల్లలు బయటికి వస్తాయి. అంటే కాపీలు జోరుగా సాగి పోగులు తెగే ముప్పు పెరిగే వేళకే చూసి రాసుకోవడానికి ప్రతులూ తయారవుతాయి. రాడ్51 ఎక్కువగా తయారయ్యేదీ ఆ దశలోనే. ఈ ఏర్పాటులోని పొదుపు చూస్తే, శత్రువే అయినా అబ్బురం కలగక మానదు.

ఇదే పద్ధతి దానికి వేషాలు మార్చడానికీ తోడ్పడుతుంది. రక్తకణం పైపొరకు పంపే ప్రొటీన్లకు దాని దగ్గర సుమారు 60 వార్ జన్యువులున్నాయి. అవి ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటూ మన రోగనిరోధక శక్తికి పరిచయం లేని రూపాలు తయారుచేస్తాయి. 2014 నుంచి క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ప్లాస్మోడియం జన్యువులను సవరించే శాస్త్రవేత్తలూ ఈ అలవాటునే వాడుకుంటున్నారు. కోసిన చోటికి తాము రాసిన ప్రతిని పక్కన పెడితే పురుగు దాన్నే చూసి రాసుకుంటుంది. ప్రతి పెట్టకపోతే చాలావరకు చస్తుంది.

మలేరియా పురుగు దోమలో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనుగొన్నది సికింద్రాబాదులో. ఆ ఊరికి దగ్గర్లోనే, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, మృణాల్ కాంతి భట్టాచార్య, సునంద భట్టాచార్యల బృందాలు ఈ మరమ్మతు యంత్రాన్నే విప్పి చూశాయి. 2014లో వాళ్లు వెల్లడించిన ప్రయోగం ఎంతో ముచ్చటైనది. రాడ్51లో 143వ స్థానంలోని లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆర్జినిన్‌గా మార్చారు. అలా పాడుచేసిన రాడ్51 కొద్దిగా కలిసినా మంచి రాడ్51 పని ఆగిపోయింది. దాన్ని ఎలుకల మలేరియా పురుగులో పెడితే అది తెగిన డీఎన్‌ఏను బాగుచేసుకోలేకపోయింది. ఎలుకల రక్తంలో పురుగుల సంఖ్య బాగా తగ్గింది, ఎలుకలు ఎక్కువ రోజులు బతికాయి.

2019లో అదే విశ్వవిద్యాలయం నుంచి మరో వార్త వచ్చింది. రాడ్51ను అడ్డుకునే బీ02 అనే చిన్న అణువు ప్లాస్మోడియాన్నీ ఆపుతోంది. ఆర్టెమిసినిన్, క్లోరోక్విన్ మందులతో కలిపితే వాటి బలం పెరుగుతోంది. అయితే బీ02ను మొదట వెతికింది మనిషి రాడ్51ను ఆపడానికే. పురుగు దానికీ మన దానికీ పోలిక చాలా ఎక్కువ. పురుగు తాడును మాత్రమే తెంపి మన తాడును వదిలేసే అణువు కావాలంటే, ఆ రెండూ ఎక్కడ వేరవుతాయో అక్షరం అక్షరం వెతకాలి.