చలికి కాదు, నిప్పుకు జాగ్రత్త

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబములు మంచు తుపానులకు ముందు సమకూర్చుకొనవలసిన వస్తువుల జాబితా యొకటి గురువారములోగా పంపవలెనని సంపాదకులు ఆదేశించిరి. జాబితాలపట్ల నాకు మొదటినుండియు విశ్వాసము తక్కువ. అవి కొనుగోళ్లను పెంచునేగాని వివేకమును పెంచవు. కావున దుకాణముల ప్రకటనలను ప్రక్కకు నెట్టి, 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను గడగడలాడించిన శీతల తుపానుపై ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ సంవత్సరాంతమున వెలువరించిన మరణ నివేదికను ముందిడుకొంటిని. ఏమి కొనవలెనో ఆ పత్రము చెప్పదు. మనుష్యులు ఏ కారణమున మరణించిరో చెప్పును.

మృతులు 246 మంది. వారిలో 161 మందిని, అనగా దాదాపు మూడింట రెండు వంతుల వారిని, నేరుగా చలియే పొట్టనబెట్టుకొన్నది. 19 మంది మాత్రము కార్బన్ మోనాక్సైడ్ విషవాయువునకు బలియైరి. నన్ను నిలిపినది ఈ చిన్న అంకెయే. ఏలయన చలినుండి తప్పించుకొనుటకు పూనుకొన్న ఉపాయమే ఇట్టివారి ప్రాణములు తీయును. టెక్సస్‌లో నూటికి సుమారు అరువది ఇండ్లు వెచ్చదనమునకు విద్యుత్తునే నమ్ముకొన్నవి. విద్యుత్తు పోయి, డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 సెంటీగ్రేడు డిగ్రీలకు పడిపోయిన వేళ, బొగ్గుల పొయ్యిని గదిలోనికి తెచ్చుకొనుటయో, గరాజు తలుపు మూసి కారు నడుపుచు అందు కూర్చుండుటయో, పసిబిడ్డల తల్లిదండ్రులకు మూర్ఖత్వముగా తోచదు, వాత్సల్యముగానే తోచును. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తమునందలి హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకన్న సుమారు 200 రెట్లు గాఢముగా పట్టుకొనును. తలనొప్పి, వికారము, మగత కలుగగా, బాధితుడు నిద్ర వచ్చుచున్నదనుకొని పండుకొనును. తలుపులు బిగించి కుంపటి పెట్టుకొన్నవారు తెల్లవారి లేవలేదన్న వార్తలు మన దేశపు పత్రికలకును క్రొత్త కావు. కుంపటి డాలస్‌లో రగిలిననేమి, లంబసింగిలో రగిలిననేమి, దాని విషము ఒక్కటే.

మన వంటిండ్లకు మరియొక చిక్కు గలదు. నెలకు చాలిన బియ్యము, పప్పు నిలువయున్నను, పొయ్యి విద్యుత్తుదై, నీటి గొట్టము గడ్డకట్టినప్పుడు, ఆ నిలువ ఆకలి తీర్పజాలదు. అటుకులు, మరమరాలు, వేయించిన వేరుసెనగలు, బెల్లము అట్టి దినములకు బియ్యపు మూటకన్న మిన్న.

టెక్సస్‌కు ఈ యాపద చెప్పక వచ్చినది కాదు: 1989లోను, 2011లోను చలికి విద్యుత్కేంద్రములు ఆగినవి, యంత్రములకు చలికాపు కల్పింపుడని 2011 పిమ్మట సూచనలు వెలువడినను పాటించినవారు కొందరే, 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రాష్ట్ర విద్యుద్వలయము మరి 4 నిమిషముల 37 సెకన్లలో పూర్తిగా కూలనుండగా కోతలతో నిలిచినది, 45 లక్షల ఇండ్లు చీకటిపాలైనవి, చలికాపును తప్పనిసరి చేయు చట్టము అటుపిమ్మటనే వచ్చినది.

గృహస్థులకు

నీరు: మనిషికి రోజునకు సుమారు 4 లీటర్లు, కనీసము మూడు దినములకు.

గొట్టములు: కుళాయిని సన్నధారగా విడువుడు, సింకు క్రింది తలుపులు తెరచి ఉంచుడు. నీటిని కట్టివేయు ప్రధాన కవాటము ఎచ్చటనున్నదో ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను.

గది: అందరును ఒకే గదిలో ఉండి, తలుపు సందులను బట్టలతో మూయుడు.

జనరేటరు: ఆరుబయటనే, ఇంటికి కనీసము 20 అడుగుల దూరమున.

వైద్య పరికరములు: విద్యుత్తుతో నడచు పరికరములు గలవారు ప్రత్యామ్నాయమును ముందే వైద్యునితో మాటలాడి నిశ్చయించుకొనవలెను.

తక్కినవన్నియు వాయిదా వేసినను, బ్యాటరీతో పనిచేయు కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక యంత్రమును ఈ వారమే పడకగదుల చెంత అమర్చుకొనుడు. విద్యుత్తు పోయిననాడు ఒంటరిగానున్న పొరుగు వృద్ధుని మీ గదిలోనికి పిలుచుకొనుడు. ఆ 161 మందిలో కొందరికైనను అంతమాత్రము చాలియుండెడిది.