పంచాయతీ భవనములో పాటకవి

2023వ సంవత్సరము మార్చి నెలలో, అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున జరిగిన ఆస్కార్ సభలో ‘నాటు నాటు’ అను తెలుగు పాటకు ఉత్తమ గీత బహుమతి లభించిన సంగతి మన గ్రామములన్నింటికిని తెలిసినదే. స్వరరచన కీరవాణిగారిది, పాట వ్రాసినవారు చంద్రబోస్‌గారు. వారి స్వగ్రామము భూపాలపల్లి జిల్లాలోని చల్లగరిగె. ఆ పాటలో జాతర కలదు, మర్రిచెట్టు నీడ కలదు, జొన్నరొట్టెలోని మిరపతొక్కు కలదు. అంత దూరము పోయిన పాటకు కావలసిన సరకంతయు పల్లెటూరిదే.

కాని దాని వెనుకనున్న శ్రమ ఎందరికి తెలియును? తొంబది పాళ్లు సగము దినములోనే వ్రాసితిననియు, మిగిలిన పది పాళ్లకు పందొమ్మిది నెలలు పట్టినదనియు ఆ కవియే చెప్పియున్నారు. ఇట్టి మాట సినిమా చూచినంతమాత్రమున తెలియదు. పాట వ్రాసిన మనిషి మన ఊరికి వచ్చి, మన ఎదుట కూర్చుండి, పాట ఎట్లు పుట్టినదో చెప్పి, వాద్యముల హోరు లేకుండ తన గొంతుతో వినిపింపవలెను. అట్టి సభలను పంచాయతీలు తమ భవనములలోనే జరుపవచ్చునని చెప్పుటకే ఈ వ్యాసము.

ఇది పంచాయతీ పనియేనా యని కొందరు సభ్యులు అడుగుదురు. రాజ్యాంగమునందలి పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. వానిలో 20వది గ్రంథాలయములు, 21వది సాంస్కృతిక కార్యక్రమములు. కావున మురుగుకాలువ వలెనే పాటయు మన విషయపట్టికలోనిదే. అయితే మురుగుకాలువ ముందు, పాట తరువాత. అందులకు నాకు అభ్యంతరము లేదు.

పిలువదగినవారు మన ప్రాంతములో తక్కువగా లేరు. సాయుధ పోరాట కాలమునాటి ప్రజాకవి సుద్దాల హనుమంతు కుమారుడైన అశోక్‌తేజగారు 2003వ సంవత్సరపు చిత్రములకు ఉత్తమ గీతరచయితగా జాతీయ బహుమతి పొందిరి. గోరటి వెంకన్నగారి ‘వల్లంకి తాళము’ 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందినది. ‘బలగం’ చిత్రములో పల్లెటూరిపై పాట వ్రాసిన కాసర్ల శ్యామ్‌గారికి 2025లో జాతీయ బహుమతి ప్రకటింపబడినది. వీరు తమ ఊరి పలుకును విడువక వ్రాసినవారు. బడిచదువు లేకయే మహాకవియైన అందెశ్రీగారి గీతము 2024లో తెలంగాణ రాష్ట్రగీతమైనది; 2025 నవంబరులో వారు కన్నుమూసిరి. ఆ గీతము ఎట్లు వచ్చినదో వారి నోటనే వినగోరిన గ్రామములకు ఇక ఆ భాగ్యము లేదు.

పేరుగన్న కవులు దొరకనిచో నిరాశపడనక్కర లేదు. మండలస్థాయిలోనో జిల్లాస్థాయిలోనో బహుమతి పొందిన రచయిత మన పొరుగూరిలోనే ఉండవచ్చును.

ఒక గ్రామములో ఇట్టి సభను నేను చూచితిని. కవిగారు ఆరు గంటలకే వచ్చిరి. పెద్దల ఉపన్యాసములు ముగియునప్పటికి ఎనిమిదిన్నర అయినది. పిల్లలకు అన్నము పెట్టవలసిన స్త్రీలు అప్పటికే లేచిపోయిరి. పొలము పనికి పోవునప్పుడు పాడుకొనునది వారే. పాట వినవలసినదియు వారే! మైకు పెట్టెలు హాలునకు మించినవగుటచే ఒక్క మాటయు తెలియలేదు. కవిగారికి శాలువ కప్పిరి గాని బస్సు ఖర్చు అడిగినవారు లేరు. శాలువలు ఆయన ఇంట ఇదివరకే చాలనున్నవని నాకు తరువాత తెలిసినది. కావున పారితోషికమును, ప్రయాణ ఖర్చును ముందుగనే తీర్మానములో వ్రాయుడు. ఉపన్యాసము ఒక్కటి చాలును, అదియు సర్పంచిగారిది, పది నిమిషములు. చిన్న భవనములో మైకు లేకున్నను నష్టము లేదు. ఆరుబయట పెట్టినచో లిఖితపూర్వకమైన అనుమతి కావలెను. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ననుసరించి రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు వాడరాదు.

మరియొక విషయము గలదు. పాట వ్రాసినవానికి దానిపై హక్కు ఉన్నది. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము ఆ హక్కు కవి జీవితకాలమును, తదుపరి 60 ఏండ్లును నిలుచును. పూర్వము సినిమా కవులు కొంత రొక్కము పుచ్చుకొని హక్కులన్నియు నిర్మాతకు వ్రాసి యిచ్చెడివారు. పాట ఎంత మ్రోగినను వారికి మరి దక్కునది స్వల్పము. 2012లో చట్టమును సవరించి, పాట వాడుకపై వచ్చు రాయల్టీలో కవి భాగమును అతడే వదలుకొనుటకు వీలులేకుండ చేసిరి. మన భజనమండలి వంటి ఔత్సాహిక బృందము రుసుము లేని సభలో పాడిన తప్పు లేదు. టిక్కెట్లు పెట్టి ఆర్కెస్ట్రా జరిపించునప్పుడు మాత్రము అనుమతి విచారించుకొనవలెను. ఏ సభలోనైనను, కరపత్రముమీద గాయకుని పేరుతోపాటు కవి పేరును తప్పక వ్రాయించుడు. దానికి ఖర్చు లేదు.

సభ ముగిసిన పిమ్మట జనము వెంటనే లేవరు. కవి పాడిన పాట వినగానే ఏ ముసలమ్మకో తన నాటుపాట ఒకటి గుర్తుకు వచ్చును. ఆ సమయమున బడిపంతులుగారు ఒక నోటుపుస్తకము పట్టుకొని సిద్ధముగా నుండవలెను. పాటను, పాడిన ఆమె పేరును, ఆమె ఎవరివద్ద నేర్చుకొన్నదో ఆ పేరును వ్రాసికొని, ఆ పుస్తకమును పంచాయతీ బీరువాలో ఇంటిపన్ను రిజిస్టరు ప్రక్కన పెట్టుడు.