తెర పెద్దదైతే దారి బాగా తెలుస్తుందా?

కొండదారుల్లో వాడే చేతి జీపీఎస్‌కు దారి కనిపెట్టేది తెర కాదు, దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకునే యాంటెన్నా, రిసీవర్. తెర పని చూపించడమే, అందుకు కరెంటు మాత్రం బాగా తాగుతుంది. తయారీ సంస్థ గార్మిన్ లెక్క ప్రకారం 5 అంగుళాల టచ్‌స్క్రీన్ ఉన్న మోంటానా 700 సుమారు 18 గంటలు పనిచేస్తే, 2.2 అంగుళాల నలుపు తెలుపు ఈట్రెక్స్ ఎస్ఈ రెండు ఏఏ సెల్స్‌తో 168 గంటలు లాగుతుంది. ఈట్రెక్స్‌ది ఎండ వెలుగునే తిప్పికొట్టి అంకెలు చూపించే తెర కదా, పగలు బ్యాక్‌లైట్‌తో పనిలేదు!

అంత చిన్న తెరపై మ్యాపేం కనిపిస్తుందంటారా? నిజమే, కాలిబాటలు చీలిపోయే అడవిలో పెద్ద బొమ్మే సుఖం. అయితే 3 అంగుళాల రంగుల తెరతో గార్మిన్‌దే అయిన జీపీఎస్‌మ్యాప్ 67 కూడా 180 గంటల దాకా నడుస్తుంది. తేడా అంతా అంగుళాలదే కాదన్నమాట. చిప్పుల పొదుపు, బ్యాటరీ కూడా చూడాలి. పైగా జీపీఎస్‌మ్యాప్ 67కి ఉన్నవి బటన్లు, తడిచేత్తోనూ నొక్కొచ్చు.